క్రిస్మస్ కానుకగా తెలుగు అక్షరాల చెక్క దిమ్మెలు: తక్కువ ఖర్చులో ఇంట్లో చేసుకునే పద్ధతి మొత్తం

డిసెంబర్ వస్తుందంటే గిఫ్ట్ షాపుల్లో చెక్క అక్షరాల సెట్లు దిగుతాయి. జాయ్, పీస్, నోయెల్, అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో కావాలంటే ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి, ధర విన్నాక ఆ ముచ్చట అక్కడికే ఆగిపోతుంది. నల్లగొండలోనో పాలమూరులోనో ఉన్నవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. కావాల్సిన సరుకంతా మన సామిల్లులో, వడ్లాయన (వడ్రంగి) కొట్టు ముందు, ఇంట్లో గోడలకు వేయగా మిగిలిన రంగు డబ్బాలో ఉంది. పైగా తెలుగులో చేసుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఇంగ్లీషులో లవ్ అని పెట్టాలంటే 4 దిమ్మెలు కావాలి, ప్రేమకు రెండే చాలు. మెర్రీ క్రిస్మస్‌కు 14, క్రిస్మస్ శుభాకాంక్షలకు 8. గుణింతం, ఒత్తు అన్నీ ఒకే దిమ్మె మీద కూర్చుంటాయి కాబట్టి కట్టె, రంగు, చేతి పని అన్నీ దాదాపు సగానికి వస్తాయి.

అయితే ఆ గుణింతాలు, ఒత్తులే కొత్తవాళ్లను ఇబ్బంది పెడతాయి కూడా. కొమ్ము పక్కకు పోతుంది, గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. అందుకే కట్టె కొనడానికి పోయేముందు మాట తేల్చుకోవాలి. చాలామంది ముందు కట్టె తెచ్చుకుని తర్వాత అక్షరాన్ని దాంట్లో ఇరికిస్తారు, అది ఉల్టా పని.

ఏ మాట పెట్టాలి

మొదటిసారి చేసేవాళ్లు మహిమతో మొదలుపెట్టండి. 3 దిమ్మెలు, ఒత్తు లేదు, సున్నా లేదు, మొదటి అక్షరం చివరి అక్షరం ఒకటే కాబట్టి ఒకే అచ్చు రెండుసార్లు పనికొస్తుంది. చేయి కుదిరాక దీవెన, కృప, ప్రేమ, శాంతి, ఆనందం, విశ్వాసం. పాస్టర్ గారి ఇంటికైతే శాంతి బదులు మన బైబిల్లో అదే అర్థంలో ఉండే సమాధానం పెట్టొచ్చు, కాకపోతే అది 4 దిమ్మెలు. ఇమ్మానుయేలుకు 5. హల్లెలూయకు 4, అందులో ల్లె ఒక్కటే పేచీ పెడుతుంది, పైన ఎత్వం, కింద ఒత్తు రెండూ ఉంటాయి కాబట్టి ఎత్తు చాలదు.

దిమ్మెకు ముందు ముఖం ఎంత ఉందో వెనక ముఖం కూడా అంతే ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. ముందు శాంతి, వెనక ప్రేమ, రెండూ రెండక్షరాలే. 3 దిమ్మెల సెట్టుకు ముందు మహిమ, వెనక ఆ ఇంటి అమ్మాయి పేరు సునీత అయితే సునీత. పండుగ అయిపోయాక తిప్పి పెట్టుకుంటే షోకేసులో ఏడాదంతా ఉంటుంది. ఒక్కో దిమ్మెను ఉన్నచోటే తిప్పాలి, సెట్టు మొత్తాన్ని పట్టుకుని తిప్పితే అక్షరాల వరస తారుమారవుతుంది. అందుకే అన్నీ అయ్యాక దిమ్మెల అడుగున పెన్సిల్‌తో 1, 2, 3 అని రాయండి, చదువు రాని అవ్వలు కూడా దుమ్ము దులిపాక సరిగ్గా పెట్టుకుంటారు.

కట్టె

అన్నిటికంటే మంచిది దర్వాజలు, కిటికీలు చేయగా మిగిలిన ముక్క. మన దిక్కు దర్వాజలకు వేప బాగా వాడతారు. వేప మరీ గట్టిది కాదు, మరీ మెత్తది కాదు, పురుగు త్వరగా పట్టదు, ధర టేకుతో పోలిస్తే ఎంతో తక్కువ. దిమ్మెలకు దాన్ని మించింది లేదు. టేకు ముక్క ఉచితంగా దొరికితే వద్దనకండి గానీ, దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి రంగు సరిగ్గా పట్టదు, రంగు వేసేముందు థిన్నర్ ముంచిన గుడ్డతో తుడవాలి. తుమ్మ మాత్రం వద్దు. బరువు, గట్టి, ఇంట్లో ఉన్న రంపం మొద్దుబారిపోతుంది. మామిడి చెక్క మెత్తగా, గీకడానికి హాయిగా ఉంటుంది, కానీ పురుగు తొందరగా పడుతుంది. ముక్క మీద సూది మొనంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా తేవద్దు, కానుకతో పాటు పురుగును కూడా ఇచ్చినట్టవుతుంది.

సెంట్రింగ్ చెక్క చవగ్గా దొరుకుతుంది. దాంట్లో విరిగిన మేకులు, ఎండిన కాంక్రీటు ఉంటాయి, సామిల్లులో బ్లేడు పోతుందని ముట్టనే ముట్టరు. మిషన్లు, టైల్స్ దిగుమతయ్యే చోట దొరికే ప్యాకింగ్ డబ్బాల పైన్ చెక్క బాగానే ఉంటుంది, కాకపోతే దాని మీద ముద్ర చూడాలి. ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి శుద్ధి చేసింది, పర్వాలేదు. ఎంబీ అని ఉంటే తీసుకోవద్దు. ఇది మన పాలమూరు ఎంబీ చర్చి కాదు, మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని దానర్థం. ఏ ముద్రా లేని డబ్బా చెక్క కూడా పిల్లలున్న ఇంటికి ఇచ్చే కానుకకు వద్దు.

పచ్చి కట్టె సంగతి ఇంకోటి. సామిల్లులో కొత్తగా కోసిన కట్టె బరువుగా, చేతికి చల్లగా తగులుతుంది. మన దగ్గర డిసెంబర్ గాలి పొడిగా ఉంటుంది, పచ్చి కట్టెతో చేసిన దిమ్మె న్యూ ఇయర్ లోపే నెర్రెలు బారుతుంది. అనుమానంగా ఉంటే ఒక ముక్కను కిరాణా కొట్టు కాంటా మీద తూకం వేసి, ఇంట్లో గాలి తగిలే చోట వారం పెట్టి మళ్లీ తూకం వేయండి. బరువు బాగా తగ్గిందంటే అది ఇంకా ఆరలేదు. అందుకే ఆర్నెల్ల నుంచి వడ్లాయన కొట్టు మూలన పడున్న పాత ముక్కే మనకు బంగారం.

ఎంత కావాలో లెక్క

దర్వాజ కట్టె 4 అంగుళాల వెడల్పు, 2½ అంగుళాల మందంలో దొరుకుతుంది. దాన్ని అడ్డంగా 3 అంగుళాలకొక ముక్కగా కోస్తే 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల వెడల్పు, 2½ మందం ఉన్న దిమ్మె వస్తుంది. ఈ కొలత తెలుగుకు బాగా కుదురుతుంది, ఎత్తు ఎక్కువ ఉంటుంది కాబట్టి పైన గుడికి, కింద ఒత్తుకు చోటు ఉంటుంది. మందం ఎక్కువ కాబట్టి ఫ్యాన్ గాలికో పిల్లి తోకకో పడిపోదు. ఇంకో లాభం, ఇట్లా కోస్తే అక్షరం వచ్చే ముఖం మీద చార, అంటే కట్టె నారల గీత, పొడుగ్గా ఉంటుంది, కోసిన ముఖాలు రెండూ పక్కలకు పోతాయి. కోసిన ముఖం రంగును పీల్చేస్తుంది, దాని మీద అక్షరం రాస్తే అంచులు పాకిపోతాయి.

రంపం బ్లేడు ఒక్కో కోతకు సుమారు 3 మిల్లీమీటర్లు తినేస్తుంది. అది కూడా కలుపుకుంటే 5 అడుగుల కట్టెకు 19 దిమ్మెలు వస్తాయి. సామిల్లులో సీఎఫ్‌టీ లెక్కన అమ్ముతారు. ఒక సీఎఫ్‌టీ అంటే ఒక ఘనపుటడుగు, 1,728 ఘనపుటంగుళాలు, మన దిమ్మె ఒకటి 30. కోతల్లో, పగిలిన చోట్ల పోయేది తీసేసి ఒక సీఎఫ్‌టీకి 50 దిమ్మెలు అనుకోండి. వాళ్లు చెప్పిన సీఎఫ్‌టీ ధరను 50తో భాగిస్తే ఒక్కో దిమ్మెకు కట్టె ఖర్చు ఎంతో అక్కడికక్కడే తెలిసిపోతుంది. 50 దిమ్మెలంటే ఎంత లేదన్నా పదిహేను, ఇరవై ఇళ్లకు వస్తాయి. అంత అవసరం లేనివాళ్లు సీఎఫ్‌టీ ఊసే ఎత్తకుండా మిగులు ముక్కలు అడగండి, చాలా చోట్ల వంటచెరకు లెక్కన కిలోల్లో ఇస్తారు.

ఝ, ఘ, క్ష, యే లాంటి వెడల్పు అక్షరాలున్న మాటైతే ఆ ఒక్క దిమ్మెను మూడున్నర అంగుళాలకు కోయించండి. దిమ్మెలన్నీ ఒకే వెడల్పు ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు, ఎత్తు ఒకటే ఉంటే చాలు.

కోయించేటప్పుడు

కోత మనం పెట్టుకోవద్దు. చేతిరంపంతో 2½ అంగుళాల వేప కోస్తే భుజం పోతుంది, కోత వంకర పోతుంది. గుండ్రం రంపం మిషన్ దగ్గర చిన్న ముక్కను చేత్తో తోయడం వేళ్లతో ఆట. వడ్లాయనకే అప్పజెప్పండి, కానీ వరస మీరు చెప్పండి: "అన్నా, ముందు పొడుగు కట్టెకు నాలుగు దిక్కులా రంద పట్టు, తర్వాత ముక్కలు కొయ్యి." ఈ ఒక్క మాటతో మీకు సగం పని తప్పుతుంది. చిన్న ముక్కల్ని మిషన్ మీద రంద పట్టలేరు, ముక్కలయ్యాక మీరే చేత్తో రోజంతా గీకుతూ కూర్చోవాలి. మొదటి ముక్క కోయగానే చదునైన చోట నిలబెట్టి చూడండి, ఊగితే అక్కడే బ్లేడు సరిచేయమని అడగండి, 50 కోసేశాక అడిగితే లాభం లేదు.

చాలా చోట్ల అమావాస్య నాడు వడ్ల పని బంద్, ఆ రోజు పోయి తలుపు చూసి రావద్దు. పెళ్లిళ్ల సీజన్ అయితే మంచాలు, బీరువాల ఆర్డర్లతో వాళ్లకు ఊపిరి సలపదు. సెమీ క్రిస్మస్‌లు డిసెంబర్ మొదటి వారం నుంచే మొదలవుతాయి కాబట్టి నవంబర్ మూడో వారానికల్లా దిమ్మెలు ఇంటికి చేరాలి.

గీకుడు

ఇక్కడే టైమ్ పెట్టండి. కట్టె ఏదైనా, రంగు ఏదైనా, దిమ్మెను చేతిలోకి తీసుకోగానే ఇది కొన్నదా, ఇంట్లో చేసిందా అని తెలిసేది అంచుల దగ్గర, అడుగున. సాండ్ పేపర్ మూడు రకాలు కావాలి, 80, 120, 220. నంబర్ పెరిగేకొద్దీ నున్నగా ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో షీటు పది ఇరవై రూపాయలకు వస్తుంది, 220 మాత్రం రెండు ఎక్కువ తీసుకోండి.

కాగితాన్ని చేత్తో పట్టుకుని దిమ్మె మీద రుద్దితే వేళ్ల ఒత్తిడి పడిన చోట గుంట పడి, అంచులు గుండ్రమవుతాయి. కాబట్టి కాగితాన్ని కింద పెట్టి దిమ్మెను దాని మీద రుద్దాలి. ఇంట్లో షాబాద్ బండలుంటే ఇంకేం కావాలి, నున్నటి బండ ఒకటి చూసి షీటుకు నాలుగు మూలలా టేపు అంటించండి. దిమ్మె ముఖం మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, చార వెంబడి ముందుకీ వెనక్కీ రుద్దండి. గీతలు ఎక్కడ పోయాయో అక్కడ ఎత్తు, ఎక్కడ మిగిలాయో అక్కడ పల్లం. అన్ని గీతలూ పోయేదాకా 80 మీద, తర్వాత మళ్లీ గీసి 120 మీద. చారకు అడ్డంగా రుద్దితే అప్పుడు కనిపించదు గానీ రంగు వేశాక గీరలన్నీ బయటపడతాయి.

120 అయ్యాక తడి గుడ్డ పిండి దిమ్మెను ఒకసారి తుడవండి. తడికి చెక్క నారలు లేచి నిలబడతాయి, ముట్టుకుంటే మూడు రోజుల గడ్డంలా గరగరలాడుతుంది. ఆరాక 220తో మెల్లగా రుద్దితే ఆ నారలు తెగిపోతాయి, మళ్లీ లేవవు. ఈ పని చేయకపోతే నీళ్ల రంగు తగలగానే నారలన్నీ లేచి మొదటి కోటు గరుకుగా వస్తుంది.

అంచులకు మాత్రం కాగితాన్ని చేత్తో పట్టుకుని, దిమ్మెను ఏటవాలుగా పెట్టి ఒక్కో అంచుకు రెండు మూడు సార్లు లాగితే చాలు. వాడి పోవాలి, ఆకారం పోవద్దు. మూలలకు ఇంకొంచెం, చిన్నపిల్లలు తల కొట్టుకునేది వాటికే.

నెర్రెలు, చిన్న గుంటలు ఉంటే లప్పం కొనక్కర్లేదు. గీకినప్పుడు రాలిన సన్నపొడిని ఫెవికాల్‌లో ముద్దగా కలిపి, పాత ఏటీఎం కార్డుతో నొక్కి పెట్టి, ఆరాక రుద్దేయండి. రంగు వేయకుండా చెక్క రంగే ఉంచాలనుకుంటే మాత్రం ఫెవికాల్ తగిలిన చోట పాలిష్ పట్టదు, మచ్చ కనిపిస్తుంది. అలాంటప్పుడు నెర్రె ముందుంటే వెనక్కి, పైనుంటే అడుగుకు తిప్పుకోండి.

వేప పొడి ముక్కుకు, కళ్లకు మంట పుట్టిస్తుంది. మాస్క్ పెట్టుకుని వాకిట్లో కూర్చుని చేయండి. పిల్లల్ని 220 దగ్గర్నుంచి కలుపుకోవచ్చు, సండే స్కూల్ పిల్లలకు ఒక్కో దిమ్మె ఇస్తే మాటలు చెప్పుకుంటూ ఒక మధ్యాహ్నంలో అన్నీ అయిపోతాయి.

కింది రంగు

పొడి దులిపి, తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాక తెల్ల ప్రైమర్ ఒక కోటు. ప్రైమర్ లేకపోతే గోడల ఎమల్షన్‌లో కొంచెం నీళ్లు కలిపి పల్చగా ఒక కోటు వేసినా నడుస్తుంది. ఆరాక 220తో ఒకసారి తేలిగ్గా రుద్ది, ఎమల్షన్‌తోనే రెండో కోటు. మిగిలిపోయిన గోడ రంగు తెల్లదో, క్రీమో అయితే కింది రంగు ఖర్చు సున్నా. ముదురు ఎరుపు కావాలంటే జాజు ఉంది కదా, మెత్తగా నూరి పల్చటి గుడ్డలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో కలిపి పూస్తే మట్టి ఎరుపు వస్తుంది. గడపకు పూసే రంగే, దాని మీద తెల్ల అక్షరం పెడితే బయట కొన్న ఏ ఎరుపూ దానికి సరిరాదని నా అభిప్రాయం.

ఆయిల్ ఎనామిల్ నేను చెప్పను. ఆరడానికి రోజంతా పడుతుంది, సాయంత్రం పూట దోమలు, దుమ్ము వచ్చి దాని మీదే అంటుకుంటాయి. పైగా అటక మీది పాత ఎనామిల్ డబ్బాల విషయంలో జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొన్న డబ్బాలో సీసం ఎంత ఉందో డబ్బా చూసి చెప్పలేం. దిమ్మె అంటే పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు, ఆ డబ్బా జోలికి పోవద్దు.

అక్షరం ఎక్కించడం

ముందు ఫాంట్. సన్న గీతల ఫాంట్ చెక్క మీద తేలిపోతుంది, లావుగా ఉన్నది కావాలి. ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర బాగా లావు, దూరం నుంచి కూడా కనిపిస్తుంది. సురవరం అని ఇంకోటి ఉంది, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది, పెళ్లిపత్రికల మీద బాగుంటుంది, దిమ్మెల మీద కూడా అందంగా ఉంటుంది.

ఒక్కో అక్షరాన్ని విడివిడిగా దిమ్మెకు సరిపోయేంత పెద్దది చేసి ప్రింట్ తీయొద్దు. అట్లా చేస్తే ఒత్తు ఉన్న ప్రే చిన్నగా, ఒత్తు లేని మ పెద్దగా వచ్చి, రెండూ పక్కపక్కన పెడితే తండ్రీ కొడుకుల్లా ఉంటాయి. మాట మొత్తాన్ని ఒకే సైజులో ఒకే కాగితం మీద ప్రింట్ తీసి, దాని అడుగున ఒక అడ్డగీత గీసి, తర్వాత కత్తిరించాలి. దిమ్మెల మీద కూడా కింది నుంచి సుమారు అంగుళం పైన పెన్సిల్‌తో గీత గీసుకోండి. అక్షరాల అడుగు ఆ గీత మీద కూర్చోవాలి, ఒత్తు కిందికి దిగాలి. నాలుగు దిమ్మెలు వరసగా పెట్టినప్పుడు మాట ఒక్కటిగా చదువుకోగలిగేది ఈ గీత వల్లే.

ప్రింట్ తీయించేటప్పుడు ఇంకో తిప్పలుంది. డీటీపీ సెంటర్లలో చాలావరకు ఫోన్ తెలుగుతో కలవని పాత రకం అను ఫాంట్లు వాడతారు. మీరు ఫోన్‌లో టైప్ చేసిన మాటను అక్కడి పాత పేజ్‌మేకర్‌లో అతికిస్తే డబ్బాలో, విరిగిన ఒత్తులో వస్తాయి. ఇంట్లోనే పీడీఎఫ్‌గానో, బొమ్మగానో చేసుకుని పట్టుకెళ్లండి.

ఇక ఎక్కించే దారులు. పైసా ఖర్చు లేనిది కాగితం వెనక పెన్సిల్ రుద్ది, టేపుతో అంటించి, బాల్ పెన్నుతో అక్షరం అంచు వెంట గీయడం. కింది రంగు ముదురుగా ఉంటే పెన్సిల్ కనిపించదు, అప్పుడు కాగితం వెనక సుద్దముక్క రుద్దండి, తెల్ల గీత పడుతుంది. తర్వాత 2 నంబర్ బ్రష్‌తో లోపల నింపుకోవాలి. చేయి వణికేవాళ్లకు ఇది కొంచెం టెన్షనే.

చెక్క రంగు కనిపించాలనుకునేవాళ్లకు జిరాక్స్ పద్ధతి. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి లేజర్ ప్రింట్ గానీ జిరాక్స్ గానీ తీయించి, రంగు వేయని చెక్క మీద ఫెవికాల్ పల్చగా పూసి, కాగితాన్ని బోర్లా అంటించి, బుడగలు లేకుండా ఒత్తి, రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున కాగితాన్ని తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితం మడ్డిలా రాలిపోయి నల్ల అక్షరం చెక్క మీద మిగులుతుంది. అక్కడక్కడా అరిగినట్టు వస్తుంది, అదే దాని అందం. ఇంక్‌జెట్ ప్రింట్ పనికిరాదు, నీళ్లు తగలగానే పాకిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది రేడియం షాపు దారి. బండి నంబర్ ప్లేట్ల స్టిక్కర్లు కోసే మిషన్ ఉన్న షాపు మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, ఎక్కడైనా బస్టాండ్ చుట్టుపక్కల ఒకటైనా ఉంటుంది. మీ పీడీఎఫ్ ఇచ్చి అక్షరాలు కోయమనండి. ఎర్రదో బంగారు రంగుదో స్టిక్కర్ కోయించి నేరుగా దిమ్మె మీద అంటించేయొచ్చు, టైమ్ లేనివాళ్లకు అదే చాలు. ఓపిక ఉంటే ఉల్టా పద్ధతి చేయండి. అక్షరం స్టిక్కర్‌ను తెల్ల కింది రంగు మీద అంటించి, దిమ్మె ముఖమంతా ఎరుపు వేసి, స్టిక్కర్ పీకేయడం. కింద ఉన్న తెలుపే అక్షరమై కనిపిస్తుంది, బ్రష్‌తో రాసినట్టు అంచులు వణకవు.

దీంట్లో కిటుకు ఒకటుంది. చెక్క ఎంత నున్నగా ఉన్నా స్టిక్కర్ అంచు కిందికి రంగు కొంచెం పాకుతుంది. ఎరుపు వేసేముందు, స్టిక్కర్ అంచుల చుట్టూ ముందు ఆ తెల్ల రంగునే ఒక పలుచటి కోటు అద్దండి. పాకేదేదో ఆ తెలుపే పాకి సందులు మూసుకుపోతాయి, ఆరాక ఎరుపు వేస్తే అది లోపలికి పోలేదు. రంగును బ్రష్‌తో లాగొద్దు, గిన్నెలు తోమే స్పాంజి కొత్త ముక్క ఒకటి కత్తిరించి, రంగులో ముంచి, పాత పేపర్ మీద రెండుసార్లు అద్ది తీసేసి, మిగిలిన కాస్త రంగుతో నిలువుగా అద్దండి. చివరి కోటు పూర్తిగా ఆరకముందే, కొంచెం జిగురుగా ఉండగా, స్టిక్కర్‌ను సూదితో ఒక మూల లేపి, వెనక్కి మడుస్తూ మెల్లగా పీకాలి. ఎండాక పీకితే రంగు కూడా పెచ్చులా లేస్తుంది.

రేడియం షాపు లేకుండా అట్టముక్కతో అచ్చు కోసుకునేవాళ్లు సున్నాల దగ్గర ఆగి ఆలోచించాలి. ఆనందంలో రెండు సున్నాలున్నాయి. సున్నా చుట్టూ కోయగానే మధ్యలోని చిన్న బిళ్ల ఊడిపోతుంది, సున్నా కాస్తా మచ్చ అవుతుంది. రెండు వైపులా సన్న పట్టీ కోయకుండా వదలండి, రంగు వేశాక ఆ పట్టీ చోటును బ్రష్‌తో కలపండి. మహిమతో మొదలుపెట్టమన్నది ఇందుకే కూడా.

పక్కలకు చీర ముక్కలు

ముందూ వెనకా అక్షరాలు, మరి పక్కలు? ఒట్టి రంగు వేసి వదిలేయొచ్చు. కానీ పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట ఇంత దగ్గరలో ఉండి ఒట్టి రంగుతో సరిపెట్టుకోవడం ఎందుకు. జాకెట్లు కుట్టే టైలర్ అక్కను అడిగితే ఇక్కత్ ముక్కలు, నారాయణపేట గళ్ల ముక్కలు చిన్న సంచీ నిండా ఇస్తుంది, మనకు కావాల్సింది నాలుగంగుళాల పట్టీలే. వాడేముందు ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు దిగితే పక్కన పెట్టండి, ఫెవికాల్ తడికి ఆ ఎరుపు వచ్చి మీ తెల్ల ముఖం మీదికి పాకుతుంది.

దిమ్మె పక్కకంటే పావు అంగుళం ఎక్కువ కత్తిరించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ చెక్కకు పూసి, గుడ్డను మధ్య నుంచి బయటికి ఒత్తండి. ఆరాక మిగిలిన గుడ్డను సాండ్ పేపర్‌తోనే అంచు వెంట కిందికి గీకితే బ్లేడుతో కోసినట్టు తెగుతుంది. కత్తెర ఎంత పదునున్నా అంత సాఫీగా రాదు. చారలు నిలువుగా వచ్చేట్టు అంటిస్తే దిమ్మె ఇంకొంచెం పొడుగ్గా కనిపిస్తుంది.

పాతకాలపు లుక్ కావాలనుకునేవాళ్లు గుడ్డ అంటించకముందే 120 కాగితంతో రంగు వేసిన అంచుల్ని రుద్ది చెక్క తొంగిచూసేలా చేయొచ్చు. ఒక సెట్టుకు చేస్తే ముద్దుగా ఉంటుంది, అన్నిటికీ చేస్తే రంగు ఊడిపోయిందేమో అనుకుంటారు.

ఆఖరున

పైన రక్షణకు నీళ్లతో కలిపే క్లియర్ కోటు ఒకటి వేయండి. ఆయిల్ వార్నిష్ తెల్ల రంగు మీద కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది, చెక్క రంగు ఉంచిన దిమ్మెలకైతే అది కూడా బాగానే ఉంటుంది. మార్కర్‌తో రాసినవాళ్లు మాత్రం ముందు ఒక పనికిరాని ముక్క మీద వేసి చూసుకోండి, కొన్ని మార్కర్ల సిరా వార్నిష్ తగలగానే కరిగి చారలు తిరుగుతుంది.

ఇంకో రెండు రోజులు ఆరాక ప్యాక్ చేయండి. పైకి ఆరినట్టే ఉంటుంది, కానీ రెండు దిమ్మెల్ని ఒకదానికొకటి ఆనించి డబ్బాలో పెడితే అంటుకుపోయి, విడదీసేటప్పుడు రంగు లేస్తుంది. మధ్యలో బటర్ పేపర్ ముక్క పెట్టండి. న్యూస్ పేపర్ పెడితే అచ్చు తెల్ల రంగు మీదికి ఎక్కుతుంది. జనపనార తాడుతో సెట్టును కట్టి, ముడి దగ్గర చిన్న గజ్జె ఒకటి గుచ్చి, చెప్పుల డబ్బాలోనో, మిగిలిన చీర ముక్కలోనో చుట్టి, గులాబీ పువ్వుల పిండివంట ప్యాకెట్ పక్కన పెట్టి ఇచ్చేయడమే. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి: తడి గుడ్డతో తుడవొద్దు, పొడి గుడ్డ చాలు. ఎండ పడే కిటికీలో పెట్టొద్దు, ఇక్కత్ రంగు వెలిసిపోతుంది. పసిపిల్లలున్న ఇల్లయితే తాడు, గజ్జె తీసేసి ఉత్త దిమ్మెలే ఇవ్వండి.